కుర్చీ అక్కర్లేని మాట

జూన్ 4

అత్తకి,

కంటి కట్టు విప్పారని నాన్న చెప్పాడు. ఇంకో వారం ఏమీ చదవకూడదన్నారట. నువ్వీ ఉత్తరం చదువుతున్నావంటే డాక్టరు మాట విననట్టే కాబట్టి ఆ సంగతి ఇక అడగను. ఫోన్ చేద్దామంటే నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయిన నెల నేను ఇల్లు మారుతున్నానంటే ఉద్యోగం మానేస్తున్నానని నాన్నకి చెప్పి ఆయన్ని రెండు రోజులు పస్తుంచావు.

నీ మేనకోడలికి ఒక చిన్న సాయం కావాలి. ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసు ఉత్తరాలు రాసినదానివి, నువ్వు తప్ప ఇది ఇంకెవరూ చెప్పలేరు. మా ఆసుపత్రిలో ఒక మందలింపు ఉత్తరం వ్యవహారం నడుస్తోంది. దాని పైన రిప్రోచ్ అని రాసి ఉంటే, పరిపాలన విభాగం వాళ్ళు ఆ మాట కింద ఎర్ర గీత కొట్టి, రెప్రిమాండ్ అని ఉండాలంటూ తిప్పి పంపారు. డిక్షనరీలో రెండింటికీ మందలింపు అనే ఉంది. ఒకటి మెత్తన, ఒకటి గట్టి అనుకోవాలా? రెప్రిమాండ్ ఒకసారి ఫైల్లో పడితే మళ్ళీ తీసెయ్యడం కుదురుతుందా?

నాలుగు ముక్కలు రాస్తే చాలు. కన్ను జాగ్రత్త.

నీ కోడలు

జూన్ 9

ఏమే అమ్మడూ,

ఏం చేశావు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, డాక్టరుకి చెప్పకు. వ్యవహారం నడుస్తోందట! ఎవరు రాశారో లేదు, ఎవరికి రాశారో లేదు. ఆఫీసులో ఇరుక్కున్నవాళ్ళంతా ఇలాగే రాస్తారు. ఆపరేషన్ కత్తెరలు శుద్ధి చేసే గదికి ఇన్‌చార్జివై ఏడాది తిరిగిందో లేదో అప్పుడే మందలింపు తెచ్చుకున్నావా? పోనీలే, బెంగ పెట్టుకోకు. నాకూ వచ్చింది ఒకటి. ఆ కథ చెబుతాను, నీ ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

రెప్రిమాండ్‌కి కుర్చీ కావాలి. పైవాళ్ళు కిందివాళ్ళకి ఇచ్చేది అది. దానికి తేదీ, నంబరు, సంతకం ఉంటాయి. ఫైల్లో పడ్డాక తీసెయ్యడం బ్రహ్మతరం కాదు. రిప్రోచ్‌కి కుర్చీ అక్కర్లేదు. మన నిష్ఠూరం లాంటిది. కిందివాళ్ళు పైవాళ్ళ మీద వెయ్యొచ్చు, పిల్లలు పెద్దవాళ్ళ మీద వెయ్యొచ్చు, ఒక్కోసారి నోరు తెరవాల్సిన పని కూడా ఉండదు. అయితే ఒక షరతుంది. పరాయివాళ్ళ మీద ఎవరూ నిష్ఠూరం వెయ్యరు. నీ మీద ఏదో ఆశ పెట్టుకున్నవాళ్ళే వేస్తారు. అందుకే మీ పరిపాలన వాళ్ళు ఎర్ర గీత కొట్టారు. నంబరు వేసి నిష్ఠూరం పంపే ఆఫీసు లోకంలో లేదు. ఇంకో తేడా కూడా ఉంది. తనకి తాను రెప్రిమాండ్ ఇచ్చుకున్నవాణ్ణి నేను చూడలేదు. రెండోది మాత్రం ఎవరికి వాళ్ళు రోజూ ఇచ్చుకుంటూనే ఉంటారు.

ఇక నా కథ. నాకు ముప్ఫై ఒక్కటో ఏట ఒక ఫైలు పోయింది. రికార్డు రూములో పోయిందని అధికారికి చెప్పాను. రికార్డు రూము చూసుకునే పెద్దాయన్ని పిలిచి అందరిముందూ చీవాట్లు పెట్టారు. వారానికి ఆ ఫైలు నా బీరువాలోనే కనపడింది. ఏం చెయ్యాలో తోచక ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఆయన అరలో పెట్టి వచ్చాను. మర్నాడు ఆయన దాన్ని నా బల్ల మీదికి తెచ్చి, "నా గదిలోనే ఉందమ్మా" అన్నాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. వెళ్ళిపోయాడు. ఆ ఫైలు ఆలస్యమైనందుకు నాకు వచ్చిన రెప్రిమాండ్‌లో ఏం రాశారో ఒక్క ముక్క గుర్తులేదు. ఆయన నిలబడ్డ ఆ క్షణం ఉందే, అది నలభై ఏళ్ళుగా నాతోనే ఉంది.

నీకొచ్చింది కాగితమే కదా. కాగితానికి భయపడకు. నువ్వు ఎవరినైనా నొప్పించి ఉంటే మాత్రం అది చూసుకో.

మా పై అంతస్తు ఆయన కుర్చీలు ఈడ్చడం మానలేదు. ఆయనకి ఏ ఉత్తరం పంపాలో ఆలోచిస్తున్నాను.

నీ అత్త

జూన్ 14

అత్తకి,

నీకు దణ్ణం పెడతాను, మందలింపు వచ్చింది నాక్కాదు. నువ్వు నాన్నకి కూడా రాసేశావు. ఆయన నిన్న ఫోన్ చేసి, ఉద్యోగం పోతే పోయింది, ఇంటికొచ్చెయ్యమ్మా అన్నాడు. గంటసేపు సర్దిచెప్పాల్సి వచ్చింది. ఉత్తరం వచ్చింది కాదు, నేను ఇవ్వాల్సింది.

ఎవరికో తెలుసా? ఆవిరక్కకి. నీకు చాలాసార్లు చెప్పానుగా, ఇరవై ఏడేళ్ళుగా కత్తెరలు శుద్ధి చేసే ఆవిరి యంత్రం దగ్గరే ఉన్న ఆవిడ. నాకు పని నేర్పింది ఆవిడే. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఇప్పటికీ ఆవిడే నేర్పుతుంది.

మే నెలాఖరున జరిగింది. ఉదయం మొదటి లోడు, ఎముకల ఆపరేషన్‌కి వెళ్ళాల్సిన రెండు పెద్ద పనిముట్ల మూటలు యంత్రంలో ఉన్నాయి. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. అలా అయితే సమయం మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి. ఆవిరక్క అప్పుడు పక్కగదిలో వాడిన పనిముట్లు దించుకుంటోంది. తిరిగొచ్చి, సమయం అయిపోయిందనుకుని మూటలు తీసి పంపేసింది. మూటలకి అంటించే టేపు మీద గీతలు ఆవిరి బాగా తగిలితే నల్లగా మారతాయి. ఆ రోజు టీ రంగులోనే ఆగిపోయాయి. పైన నర్సు మూట విప్పేటప్పుడు గమనించి ఆపింది. అప్పటికే మనిషికి మత్తుమందు ఇచ్చేశారు. వేరే మూట వెళ్ళేదాకా నలభై నిమిషాలు అలా బల్ల మీదే ఉంచారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

నా సంతకం లేకుండా మూట బయటికి వెళ్ళదు. యంత్రం ప్రతి లోడుకీ ఒక పొడుగాటి చీటీ అచ్చువేస్తుంది. వేడి ఎంతసేపు నిలిచిందో అందులో గీతలా ఉంటుంది. నేను అది చూసి విడుదల కాగితం మీద సంతకం పెడతాను. ఆ రోజు ఆవిరక్క అంతకుముందు లోడు చీటీ చూపించింది. అదే అని నేను సంతకం పెట్టాను. విచారణ కమిటీ ముందు తనే ఒప్పుకుంది. చీటీలు కలిసిపోయాయి, మేడమ్ తప్పేమీ లేదు అని చెప్పింది. పావుగంటలో అయిపోయింది విచారణ.

మెత్తగా ఉంటుందని నేను రిప్రోచ్ అని రాశాను. కుదరలేదు. ఇరవయ్యో తేదీలోగా రెప్రిమాండ్ ఇచ్చి తీరాలట. నాకు చెయ్యి ఆడటం లేదు. ముసాయిదా నువ్వు రాసిపెట్టు. ఆ రికార్డు రూము పెద్దాయన కథలాంటివి వద్దు, ఉత్తరం ఒక్కటే పంపు. తొందరగా.

నీ కోడలు

జూన్ 17

కోడలు మేడమ్ గారికి,

మందలింపు ఇచ్చే స్థాయికి వచ్చావన్నమాట. నేను ఓదార్చడం మొదలుపెట్టేశాను! మీ నాన్నకి విడిగా రాశాను, ఆయన కూడా సంతోషించాడు. ఇప్పుడు వీధిలో కనపడ్డవాళ్ళందరికీ చెబుతుంటాడు, సిద్ధంగా ఉండు.

ముసాయిదా ఇందులోనే పెడుతున్నాను. రిటైరయి పదమూడేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. మొదటి పేరాలో జరిగింది, రెండో పేరాలో తప్పు, మూడో పేరాలో హెచ్చరిక. విశేషణాలు లేవు. రెండో పేరాలో ఈ వాక్యం చూడు: "ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉన్న మీరు వేరొక లోడుకు చెందిన చీటీని చూపి, పై అధికారిని తప్పుదోవ పట్టించి, మీపై ఉంచిన నమ్మకాన్ని వమ్ము చేశారు." ఇది రాశాక కాసేపు కలం కింద పెట్టి కూర్చున్నాను. నా సర్వీసులో ఇంత బిగువైన వాక్యాలు నాలుగో ఐదో ఉంటాయి.

ఇచ్చేటప్పుడు కూర్చోబెట్టి ఇయ్యి. ఉత్తరం గట్టిగా ఉన్నప్పుడు చెయ్యి మెత్తగా ఉండాలి. మా అధికారి ఒకాయన నిలబెట్టి ఇచ్చేవాడు, ఆయన్ని ఎవరూ క్షమించలేదు.

కన్ను బాగానే ఉంది. కిటికీలోంచి ఎదురింటి గోడమీద పగుళ్ళు కూడా కనపడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ గోడ ఎంత నున్నగా ఉందో అనుకునేదాన్ని.

నీ అత్త

జూన్ 23

అత్తకి,

ఇచ్చాను. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చదివింది. ఆ రెండో పేరా దగ్గర ఆగింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ముట్టినట్టు సంతకం ఎక్కడ పెట్టాలి మేడమ్?" అంది. ఏడేళ్ళుగా అమ్మాయ్ అనే పిలుస్తోంది నన్ను. ఇన్‌చార్జినైనప్పుడు కూడా మార్చలేదు.

మర్నాడు బదిలీకి అర్జీ పెట్టింది. దుప్పట్లు, గౌన్లు మడతపెట్టే గదికి వేయమని. యంత్రాన్ని చెవితో నడిపే మనిషి అత్తా ఆవిడ. శబ్దం విని లోపల నీరు నిలిచిందని చెప్పేది. అలాంటి మనిషి దుప్పట్లు మడతపెడతానంటోంది. కొత్తవాళ్ళకి నేర్పడం కూడా మానేసింది. వాళ్ళు ఏదైనా అడిగితే, "మేడమ్‌ని అడగండి" అంటోంది.

నీ వాక్యం మరీ ఎక్కువైంది. నమ్మకాన్ని వమ్ము చేశారు అనాల్సిన అవసరమేముంది? పొరపాటు చేశారంటే సరిపోయేది. నువ్వు వాక్యం బిగువు చూసుకున్నావు, అవతలుంది మనిషని చూసుకోలేదు. నేనూ ఆలోచించకుండా సంతకం పెట్టేశాను.

ఇవాళ ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదు. ఇంతే.

కోడలు

జూన్ 27

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు? కంటికి కట్టు విప్పిన రెండు వారాలకే కూర్చుని రాసిపెడితే, మనిషిని చూసుకోలేదంటావా? ఆవిడ నాకు ముఖపరిచయం కూడా లేదు. నువ్వు రాసిన సంగతుల మీద నేను ఉత్తరం కట్టాను. ఇంకోసారి కావలిస్తే ఇంకెవరినైనా అడుగు.

ఇంతవరకు నిన్న రాశాను. తర్వాత నా వాక్యంలో తప్పేముందో నీకు చూపిద్దామని, నా దగ్గర దాచిన ప్రతిని, నీ జూన్ పద్నాలుగు ఉత్తరాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇప్పుడు కోపం లేదు. ఒక సందేహం ఉంది.

ఉదయం మొదటి లోడు అని నువ్వే రాశావు. అంతకుముందు లోడు చీటీ చూపించిందనీ నువ్వే రాశావు. మొదటి లోడుకి ముందు లోడు ఎక్కడిది? నిన్నటిదా? అచ్చుపడిన చీటీ మీద తేదీ ఉండదా? ఇరవై ఏడేళ్ళు చీటీలు చించిన చెయ్యి నిన్నటి చీటీ ఇవాళ తెచ్చి చూపిస్తుందా? పోనీ చూపించిందే అనుకో, నువ్వు తేదీ చూడకుండా సంతకం పెడతావా? చిన్నప్పుడు పుస్తకం అట్ట మీద ధర కూడా చదివేదానివి కదే.

కమిటీ వాళ్ళకి అడగడానికి తీరిక లేకపోయి ఉంటుంది. నాకు బోలెడు తీరిక ఉంది.

నేను అడుగుతున్నది ఆఫీసు మనిషిగా కాదు. ఆ వాక్యం నాది. దాని కింద నేలుందో లేదో నాకు తెలియాలి.

నీ అత్త

జూలై 2

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి సొరుగులో పడేశాను. ఆడిట్ వాళ్ళలా అడుగుతుందేమిటి అని మండిపడ్డాను. మూడు రోజులు ఆ సొరుగు తెరవలేదు, అందులోనే నా అద్దాలు ఉన్నా.

చీటీ ఆవిడ చూపించలేదు. నేను ఏ చీటీ చూడలేదు. మూటలు బయటికి వెళ్ళేటప్పుడు నేను ఆ గదిలోనే లేను.

పోయిన శీతాకాలం నుంచి తొమ్మిదింటికి మీటింగులు పెట్టారు. నేను కిందికి వచ్చేసరికి పదిన్నర దాటేది. మూటలు ఆగిపోతున్నాయని పైనుంచి కేకలు. అందుకని రోజూ పొద్దున్నే రాగానే పది విడుదల కాగితాల మీద ముందే సంతకం పెట్టి ఇచ్చేసేదాన్ని. మొదటిరోజు ఆవిరక్క కాగితాలు తీసుకోలేదు. "చీటీ చూడకుండా సంతకమేంటి అమ్మాయ్?" అంది. "నువ్వుండగా నేను చూడాల్సిన పనేముంది అక్కా" అన్నాను. ఆ మాటకి ఆవిడ మొహం ఎంత వెలిగిందో. పొగడ్త అనుకుంది. నేను కూడా పొగడ్తే అనుకున్నాను. కాదు, బద్ధకం. నా పని కూడా ఆవిడ నెత్తిన పెట్టి, దానికి నమ్మకం అని పేరు పెట్టాను.

ఆ రోజు నేను చీటీ చూసి ఉంటే మధ్యలో వేడి పడిపోయిన సంగతి కనపడేది. మూట కదిలేది కాదు. అందుకే కదా రెండో సంతకం ఉండాలని నియమం పెట్టారు, మొదటి మనిషి పొరపాటు పడొచ్చని.

కమిటీ నన్ను అడగలేదు. ముందు ఆవిణ్ణి అడిగారు, ఇన్‌చార్జి చీటీ చూశారా అని. ఆవిడ నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, చీటీలు కలిసిపోయాయి, మేడమ్‌కి వేరేది చూపించాను అంది. మేడమ్ అనడం ఆ రోజే మొదలు. నేను గమనించనట్టు ఉన్నాను. నువ్వు చెప్పిన రికార్డు రూము పెద్దాయన కథ చదివినప్పుడు నీకు తెలిసే రాశావనుకున్నాను. అందుకే వద్దన్నాను. ఆ తర్వాత నీ వాక్యం కింద సంతకం పెట్టి, అది ఆవిడ చేతికే ఇచ్చాను. నమ్మకాన్ని వమ్ము చేశారని! ఆవిడకి! నేను!

తప్పు నీ వాక్యంలో లేదు. తప్పుడు చిరునామాకి వెళ్ళింది, అంతే. నీ మీద విసుక్కున్నందుకు క్షమించు.

ఏం చెయ్యమంటావు? బదిలీ ఆర్డరు పన్నెండో తేదీ నుంచి అమలు.

కోడలు

జూలై 6

అమ్మడూ,

ఏం చెయ్యాలో నీకు తెలుసు. నేను చెబితే చేశానన్న పేరు నాకెందుకు?

నిన్ను మందలించను. నాకు నీమీద కుర్చీ లేదు. నిష్ఠూరం వేసే హక్కు ఉంది, కానీ అది కూడా ఇవాళ వాడుకోలేను. ముప్ఫై నాలుగేళ్ళలో ఫైలు పూర్తిగా చదవకుండా ఒక్క ఉత్తరం రాయలేదు నేను. కోడలు అడిగిందని, చేతిలో పని పడిందన్న సంబరంలో రాశాను. పేరా ఎంత బాగా కుదిరిందో చూసుకున్నాను. అవతలి మనిషిని చూసుకోలేదన్నావు, నిజమే అన్నావు.

కమిటీకి అలా ఎందుకు చెప్పావని ఆవిణ్ణి అడిగావా? నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ ఆసుపత్రి పెద్ద డాక్టరుకి నిజం చెప్పకముందు కాదు, చెప్పి వచ్చాక అడుగు. ముందే అడిగితే ఆవిడ అనుమతి కోసం వెళ్ళినట్టుంటుంది.

ఇందులో ఇంకో చిన్న కాగితం ఉంది. ఆవిడకి ఇయ్యి. నువ్వు చదివినా ఫరవాలేదు. "అమ్మా, మీకిచ్చిన ఉత్తరంలో రెండో పేరా రాసింది నేను. ఆ అమ్మాయి మేనత్తని. మీరెవరో తెలుసుకోకుండా రాశాను. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఫైల్లోంచి తీసే అధికారం నాకు లేదు, నా వైపునుంచి మాత్రం తీసేశాను." అంతకంటే ఏం రాయాలో తెలియలేదు. నాలుగు చిత్తుప్రతులు పాడుచేశాను.

వెళ్ళేటప్పుడు భోజనం చేసి వెళ్ళు. ఖాళీ కడుపుతో నిజం చెప్పడం మన ఇంట్లో ఎవరికీ చాతకాదు.

నీ అత్త

జూలై 24

అత్తకి,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఇంకా ఏదో జరగాల్సి ఉందనిపించి ఆగిపోయాను.

తొమ్మిదో తేదీన పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముందే సంతకం పెట్టిన కాగితాలు ఇంకా ఆరు మిగిలి ఉంటే అవి కూడా పట్టుకెళ్ళాను. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఫైలు మూసేశాం కదమ్మా, ఇప్పుడెందుకు?" అన్నారు. మూసింది తప్పుడు ఫైలండీ అన్నాను. పాపం ఆయనకీ తలనొప్పే. మళ్ళీ కమిటీ, మళ్ళీ అవే కుర్చీలు. ఈసారి నన్ను ముందు అడిగారు.

నాకు రెప్రిమాండ్ వచ్చింది. నువ్వు రాసిన దానిలో సగం బిగువు కూడా లేదులే. పైగా రెండు అక్షరదోషాలు. ఆవిరక్క ఉత్తరంలోంచి తప్పుదోవ పట్టించి నమ్మకాన్ని వమ్ము చేశారన్న నీ వాక్యం కొట్టేసి కొత్త ఉత్తరం ఇచ్చారు. కరెంటు పోయిన సంగతి గమనించని పొరపాటు అలాగే ఉంచారు. ఆవిడే ఉంచమంది. "అది నేను చేసిందే కదా" అంది. నువ్వు రాసిన చిన్న కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివి, "మీ అత్త చేతిరాత ముత్యాల్లా ఉంది" అని తన సంచిలో పెట్టుకుంది.

బదిలీ అర్జీ వెనక్కి తీసుకోమని అడిగాను. తీసుకోలేదు. పదకొండో తేదీన తాళాలు అప్పగించడానికి వచ్చినప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం. అప్పుడు అడిగాను, కమిటీకి అలా ఎందుకు చెప్పావక్కా అని.

తాళాలు బల్ల మీద పెట్టి చెప్పింది. "నువ్వు వెంటనే లేచి, కాదు, నేను అసలు చూడలేదు అంటావనుకున్నా. అలా అంటావు కదా అనే నేను ఆ మాట అన్నా. నువ్వు లేవలేదు. సరే, భయపడింది, రేపు చెబుతుందిలే అనుకున్నా. రేపు కూడా చెప్పలేదు. నలభై రోజులు, రోజూ నీ ఎదురు బల్ల దగ్గరే కూర్చున్నా."

తాళాలు తీసుకున్నాను అత్తా. చివరికి చెప్పావు కదా, సంతోషమే అంది ఆవిరక్క. ఇక్కడ మాత్రం ఉండలేను అంది. ఈ గదిలోకి రాగానే ఆ నలభై రోజులు గుర్తొస్తాయట.

వెళ్ళిపోయింది. ఇప్పుడు ప్రతి లోడుకీ యంత్రం పక్కన నేనే నిలబడుతున్నాను. చీటీ బయటికి వచ్చేదాకా కదలను. తొమ్మిదింటి మీటింగుకి రానని రాతపూర్వకంగా చెప్పేశాను, మారు మాట్లాడలేదు వాళ్ళు. కొత్తవాళ్ళకి నేర్పడం నాకు చాతకావడం లేదు. చెవితో ఎలా వినాలో ఎవరు చెబుతారు?

రోజూ మధ్యాహ్నం దుప్పట్ల గదికి వెళ్ళడం మొదలుపెట్టాను, నా భోజనం డబ్బా పట్టుకుని. కింది అంతస్తులో ఉంటుంది, కిటికీ ఒక్కటే. పొడుగాటి బల్ల నిండా తెల్లటి గుడ్డల దొంతరలు. బల్ల ఈ చివర నేను కూర్చుంటాను, ఆ చివర ఆవిడ. మొదటిరోజు తలెత్తి చూడలేదు. రెండోరోజూ అంతే. నాలుగు రోజులు ఇద్దరం మాట్లాడకుండా తిని, డబ్బాలు కడుక్కుని, ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోయాం. తలుపు దగ్గర గౌన్లు లెక్కపెట్టే ఆమె మమ్మల్ని వింతగా చూసేది. రావద్దని మాత్రం ఆవిడ అనలేదు. అంటే మానేద్దామనే అనుకున్నాను.

మొన్న పెద్ద డాక్టరు పిలిపించడంతో వెళ్ళలేకపోయాను. కబురు కూడా పంపలేదు. నేను వెళ్ళకపోతే ఆవిడకి హాయిగానే ఉంటుందనుకున్నాను.

నిన్న వెళ్ళాను. మామూలుగా బల్ల ఈ చివర కూర్చోబోతుంటే, దుప్పటి మడతపెడుతూనే, నా వైపు చూడకుండా అంది.

"నిన్న రాలేదేం? ఒంటిగంట దాటేదాకా డబ్బా మూత తియ్యలేదు నేను."

పెద్ద డాక్టరు పిలిచారక్కా అన్నాను. "చెప్పి వెళ్ళడానికి నోరు లేదా?" అని విసుక్కుంటూ, తన పక్కనున్న దుప్పట్ల దొంతర కిందికి దించి చోటు చేసింది.

వెళ్ళి కూర్చున్నాను అత్తా. మూత తియ్యడం చేతకాలేదు, ఏడుపొచ్చేసింది. ఆవిడే తీసిపెట్టింది.

నీ కోడలు